దుకాణం ఖాయిదా

మా అమ్మకు రెండో పెళ్ళయిందన్న సంగతి నాకు పోస్టులో తెలిసింది. ఆ సాయంత్రం ఆమె వంటింట్లో కింద కూచుని గోకరకాయ ఈనెలు తీస్తోంది. నేను స్కూలు నుంచి వచ్చి, చెప్పులు విప్పకుండానే గడపలో నిలబడి కవరు చించాను. గౌలిపురాలోని మా రెండు గదుల ఇంటికి కరెంటు బిల్లు తప్ప సర్కారు కాగితాలు వచ్చేది తక్కువ.

లోపల ఉన్నది ఒకే పేజీ. సదరు లబ్ధిదారు పునర్వివాహం చేసుకున్నట్లు క్షేత్రస్థాయి విచారణలో తేలిందట. కాబట్టి ఆమె వితంతు పింఛనుకు అనర్హురాలట. ఇన్నేళ్ళుగా తీసుకున్న పింఛను మొత్తం వెనక్కి కట్టాలట. కట్టకపోతే చట్టప్రకారం వసూలు చేస్తారట. అభ్యంతరాలుంటే విచారణకు వచ్చి చెప్పుకోవచ్చట. అంతా గట్టిగా చదివి వినిపించాను.

అమ్మ తల ఎత్తింది. “ఎవరిని చేసుకున్ననట?”

“అది రాయలే.”

“రాయాలె గద బిడ్డా. ఎసొంటోడో నాకు గూడ తెలుస్తుండె,” అని నవ్వి మళ్ళీ గోకరకాయ అందుకుంది.

నాకు నవ్వు రాలేదు. నా కోపం ముక్కు మీదే ఉంటుందని మా స్కూల్లో అటెండర్ నుంచి హెడ్మాస్టర్ దాకా అందరికీ తెలుసు. కాగితం అడుగున ఉన్న మొత్తం చూశాక ఆ కోపం కూడా పోయింది. నేను స్కూల్లో ఫీజుల కౌంటరు దగ్గర రసీదులు రాస్తాను. అమ్మ గాజుల దుకాణంలో పనిచేస్తుంది. మా ఇద్దరి జీతాలూ ఏడాది పాటు ముట్టుకోకుండా దాచినా అది తీరేది కాదు. పైగా పింఛను అప్పటికే ఆగిపోయింది. ఇంటి కిరాయిలో సగం మేము దానితోనే కట్టేవాళ్ళం.

నాన్న కంచన్‌బాగ్ వైపు ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలీగా చేసేవాడు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా కామెర్లు ముదిరి పోయాడు. పదో రోజు అమ్మ చేతి గాజులు పగలగొట్టి, బొట్టు చెరిపారు. పద్ధతి తప్పకూడదని దగ్గరుండి చేయించింది మా మేనత్త, నాన్నకు అక్క. ఆమె మాకు రెండు గల్లీల అవతలే ఉంటుంది. చెడ్డ మనిషి కాదు, మా ఇంటికి ఒక్క పూట అన్నం తక్కువ కానివ్వలేదు. పద్ధతి దగ్గర మాత్రం దేవుణ్ణి కూడా నిలబెట్టి అడిగే రకం.

ఇక గాజుల సంగతి చెప్పాలి, ఎందుకంటే అమ్మకు పెళ్ళి చేసింది అవే.

అమ్మ పనిచేసేది లాడ్ బజార్‌లో ఒక లక్క గాజుల దుకాణంలో. అది ఒక పాత ముస్లిం కుటుంబానిది. ఇప్పుడు గల్లా దగ్గర కూచునే ఆయనను అందరం భాయ్ అంటాం. ఆయన కంటే ముందు ఆయన తల్లి కూచునేది. ఆమెను అమ్మీజాన్ అనేవాళ్ళం. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. ఆ దుకాణంలో ఒక ఖాయిదా ఉంది, అంటే నియమం. అమ్మే ఆడవాళ్ళు బోసి చేతులతో కూచోకూడదు. డబ్బాలో ఉన్న గాజు డబ్బాలోనే ఉంటుంది, చేతికెక్కి మణికట్టు తిరిగితేనే దాని రాళ్ళు వెలుగుతాయి. అందుకని పొద్దున షట్టర్ ఎత్తగానే నమూనా గాజులు మోచేతుల దాకా తొడుక్కోవాలి, ఇంటికి పోయేముందు తీసి డబ్బాలో పెట్టాలి. అమ్మే సరుకులో కలిసిపోకుండా ఒక్కో నమూనా గాజుకూ తెల్లదారం ముడి ఉంటుంది.

మా చుట్టాల్లో ఎవరైనా, మొగుడు పోయినామెకు చేతుల నిండా గాజులేందని మూతి తిప్పితే నా దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. “అది డ్యూటీ. పోలీసోనికి టోపీ లేదా?” అనేదాన్ని. బొట్టూ దుకాణం లెక్కలోనే పోయేది. ఇంటికి వచ్చేసరికి అమ్మ చేతులు బోసిగానే ఉండేవి కాబట్టి నా మాటకు ఎదురు చెప్పినవాళ్ళు లేరు.

ఆమెకు అక్కడ మంచి పేరు. ఎదురుగా కూచున్నవాళ్ళ చెయ్యి పట్టుకుని, బొటనవేలిని అరచేతిలోకి మడిచి, కణుపుల మీద ఒకసారి నొక్కి సైజు చెప్పేస్తుంది. రెండు-నాలుగు, రెండు-ఆరు, రెండు-ఎనిమిది. కణుపు దగ్గర ఇరుక్కున్న గాజును నొప్పి తెలియకుండా మాటల్లో పెట్టి దాటించేస్తుంది. పెళ్ళిళ్ళ రోజుల్లో గాజులు తొడిగించుకోవడానికి ఆమె ఖాళీ అయ్యేదాకా ఆగే పెళ్ళికూతుళ్ళు ఉన్నారు.

క్షేత్రస్థాయి విచారణకు వచ్చిన ఉద్యోగి అలాంటి ఒక మధ్యాహ్నమే వచ్చాడు. ముందు మా ఇంటికి వచ్చి, తాళం చూసి, పక్కింటివాళ్ళను అడిగి, లాడ్ బజార్‌కు పోయాడు. అమ్మ ఒక పెళ్ళివారి మధ్య కూచుని, మోచేతుల దాకా గాజులతో, నుదుట ఎర్రటి బొట్టుతో, ఏదో మాటకు పకపకా నవ్వుతోందట. ఇంట్లో ఎవరెవరుంటారని అడిగాడు. నేనూ, నా బిడ్డ అని చెప్పింది. ఫోనులో ఫోటో తీసుకుని వెళ్ళిపోయాడు. భర్త గురించి అడగలేదు. గాజులు చూశాక అడిగే అవసరం కనిపించలేదేమో. చేతుల నిండా గాజులు, నుదుట బొట్టు, భర్త ఉన్నట్లు తెలియుచున్నది అని రాశాడు. ఫైల్లో నాన్న మరణ ధ్రువపత్రం ఉంది కాబట్టి, ఆఫీసులో ఎవరో ఆలోచించి ఆ భర్తను రెండో భర్తను చేశారు.

మొగుడు ఉన్నాడని చూపించాలంటే మనిషిని తీసుకుపోయి నిలబెట్టవచ్చు. లేడని ఎట్లా చూపించాలి? నేను రెండు రాత్రులు కూచుని పెద్ద అర్జీ రాశాను. రాజ్యాంగం దాకా పోయాను. అది పట్టుకుని ఆఫీసుకు వెళితే, సీటు మీదున్న గుమాస్తా మొదటి పేజీ మీద కళ్ళు తిప్పి పక్కన పెట్టాడు.

“ఇదంత ఎవరు చదువుతరు మేడం? హియరింగ్ నాడు మీ అమ్మను ఉట్టి చేతులతోని, బొట్టు లేకుంట తోల్కరాండ్రి. సార్ చూస్తడు. ఒక ఫోటో కొడ్తం. అయిపాయె.”

నిజం చెప్పాలంటే నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇంత సులువా అనుకున్నాను. ఎట్లాగూ ఆమె ఇంట్లో ఉండేది అట్లాగే కదా. ఇంటికి వచ్చి అమ్మకు చెబితే, “చూద్దాం తియ్. దుకాణం నుంచే వస్త,” అంది. ఒప్పుకుందనే అనుకున్నాను.

భాయ్ తనూ వచ్చి సాక్ష్యం చెబుతానన్నాడు. “మై భీ ఆతుఁ ఆపా, గవాహీ దేతుఁ,” అని చెప్పులు కూడా వేసుకున్నాడు. అమ్మ వద్దంది. “నువ్వొస్తె మొగుని పేరు రాసే ఖానాల నీ పేరే రాస్తరు భాయ్.” ఆయన తౌబా తౌబా అంటూ రెండు చెవులూ పట్టుకున్నాడు. లోపల గాజులకు రాళ్ళు అంటిస్తున్న ఆడవాళ్ళు పని ఆపి నవ్వారు.

విచారణ రోజు నేను సగం పూట సెలవు పెట్టి ముందే చేరాను. ఆఫీసు ఒక పాత భవనం మీది అంతస్తులో ఉంది. వరండాలో బెంచీల మీద ఆడవాళ్ళు కూచుని ఉన్నారు. అందరివీ బోసి చేతులు, అందరివీ వెలిసిన చీరలు. గుమాస్తా సలహా నా ఒక్కదానికే కాదని అర్థమైంది. మా గల్లీ చివర ఉండే ఆమె కూడా ఉంది. రోజూ బొట్టు పెట్టుకుని గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పూలు తేవడానికి పోతుంది. ఆ రోజు నుదుటి మీద బొట్టు ఉండే చోటు మిగతా చర్మం కంటే తెల్లగా కనబడుతోంది. నన్ను చూసి కొంగు ముందుకు లాక్కుంది.

అప్పుడు మెట్ల మీద గాజుల చప్పుడు వినబడింది. వరండాలో ఉన్నవాళ్ళంతా అటు తిరిగారు. అమ్మ మోచేతుల దాకా గాజులతో, నుదుట రూపాయి బిళ్ళంత బొట్టుతో పైకి వచ్చింది. నేను ఎదురుగా పోయాను.

“ఏందమ్మా ఇది? ఏం చెప్పిన నీకు?”

“దుకాణం నుంచే వస్త అని చెప్పిన గద,” అని పోయి బెంచీ మీద కూచుంది.

పక్కనున్న ముసలామె గాజులను ఒక వేలితో ముట్టుకుని చూసింది. “జోడ ఎంత బిడ్డా?” అని మెల్లగా అడిగింది. అమ్మ అలవాటు కొద్దీ ఆమె చెయ్యి అందుకుని కణుపుల మీద నొక్కింది. “నీకు రెండు-ఆరు వస్తది పెద్దమ్మా. ఎర్రవి మస్తుగుంటయి.” ముసలామె గబుక్కున చెయ్యి లాక్కుని కొంగులో దాచుకుంది. అంతలో మా పిలుపు వచ్చింది.

అధికారి నలభై దాటిన మనిషి, నెమ్మదస్తుడిలా ఉన్నాడు. ఫైలు తెరిచి, ఒకసారి అమ్మ ముఖం, ఒకసారి చేతులు చూశాడు. “రిపోర్టుల రాసిందే తొడుక్కొని వచ్చినవ్ గదమ్మా,” అన్నాడు.

ఆమె నోరు తెరిచేలోగా నేను అందుకున్నాను. దుకాణం ఖాయిదా, తెల్లదారం, పోలీసోని టోపీ, అన్నీ చెప్పాను. ఆయన ముఖం తేటపడింది. ఆయనకూ ఈ ఫైలు ఎట్లాగో తెమిలిపోతే చాలు.

“ఇట్లయితె అయిపాయె. ఇవన్ని దుకాణంవి, డ్యూటీ కోసం ఏసుకుంట, నావి గావు అని ఒక స్టేట్‌మెంట్ రాసియ్యిండ్రి. అమ్మ సంతకం పెడ్తె రికవరీ డ్రాప్ చేస్త.” తెల్ల కాగితం నా వైపు జరిపాడు. నేను పెన్ను మూత తీశాను.

“ఆగు బిడ్డా,” అంది అమ్మ.

ఎడమ చేతి గాజులు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టడం మొదలుపెట్టింది. ఎర్రవి, పచ్చవి, రాళ్ళవి, అద్దాలవి. దుకాణంలో సాయంత్రం తీసినట్టే, తొందర లేకుండా తీసింది. ఒక్కోదానికీ తెల్లదారం ముడి కనబడుతోంది. ఎడమ చెయ్యి అయ్యాక కుడి చెయ్యి. గుమాస్తా ఫైళ్ళు జరిపి చోటిచ్చాడు. చివరికి రెండు చేతులకూ రెండేసి ఆకుపచ్చ గాజులు మిగిలాయి. వాటికి రాళ్ళు లేవు, దారం లేదు. ఆమె అక్కడ ఆగింది.

“అవి దుకాణంవి సార్. ఇవి నావి. పైసలిచ్చి కొనుక్కున్నయి. ఇరిగితె మళ్ళ కొనుక్కుంట. నావి గావని ఎట్ల రాసిస్త?”

నా పెన్ను గాల్లోనే ఉండిపోయింది. చిన్నప్పటి నుంచి నేను లోకమంతటితో పోట్లాడిన మాటను మా అమ్మ నా ముందే, సర్కారు బల్ల మీద పెట్టి, కాదనేసింది. అంతా అయిపోయిందనుకున్నాను. కట్టలేని ఆ మొత్తం కళ్ళ ముందు ఆడింది.

“మరి... భర్త పోయినంక...” అని అధికారి ఆగిపోయాడు. ఆ మాట పూర్తి చేయడానికి ఆయనకే మొహమాటంగా ఉన్నట్టుంది.

“ఒకటి అడుగుత సార్, కోపం జెయ్యకుండ్రి,” అంది అమ్మ. “పింఛను మొగుడు లేడని ఇస్తున్నరా, గాజులు లేవని ఇస్తున్నరా? గాజులకైతె ఇగ ఇయ్యకుండ్రి. ఇచ్చినయి గూడ నెలకింత కడ్త, ఎగ్గొట్ట. మొగునికైతె, ఆయన పేరేందో జెర ఆ కాయిదంల చూసి చెప్పుండ్రి. నాకు గూడ తెల్వాలె గద.”

గొంతు పెంచలేదు. గాజుల ధర చెప్పేటప్పుడు ఎట్లా చెబుతుందో అట్లాగే చెప్పింది. కవరు వచ్చిన రోజు నవ్వుతూ అన్న మాటే అది. నేను రెండు రాత్రులు రాసిన అర్జీలో ఆ మాట లేదు. నా పక్కన కూచున్నది రోజూ నాకు టిఫిన్ డబ్బా కట్టిచ్చే మనిషేనా అని ఒకసారి తిరిగి చూశాను.

అధికారి రిపోర్టు చదివాడు. పేజీ తిప్పి వెనక వైపు చూశాడు. మళ్ళీ ముందుకు తిప్పాడు. “ఇందుల భర్త పేరు కాలమ్ ఖాళీగున్నదేంది?” అని గుమాస్తాను అడిగాడు.

“ఫీల్డుల అడగలేదేమో సార్.”

ఆయన రిపోర్టు మూసి పక్కన పెట్టాడు. ఫ్యాను తిరుగుతోంది, బల్ల మీద కాగితాలు లేవకుండా అమ్మ గాజులే బరువుగా ఉన్నాయి. తర్వాత పెన్ను తీసుకుని ఫైలు మీద తనే రాశాడు. రాస్తూ పైకి చదివాడు. భర్త మరణ ధ్రువపత్రం ఉన్నది, పునర్వివాహానికి ఆధారం లేదు, వసూలు ఉత్తర్వు రద్దు, పింఛను తిరిగి ఇవ్వవలెను.

“గాజుల గురించి ఏం రాయాలె సార్?” అని గుమాస్తా అడిగాడు.

“ఏం రాయొద్దు,” అన్నాడాయన.

బయటికి వచ్చి అమ్మ అదే బెంచీ మీద కూచుని దుకాణం గాజులు మళ్ళీ తొడుక్కుంది. వరండాలో ఉన్నవాళ్ళంతా ఆమెనే చూశారు. ఏమైందని ఎవరూ అడగలేదు, ఆమె ముఖం చూస్తే తెలుస్తూనే ఉంది. పూలామె కొంగు కాస్త వెనక్కి జరిగింది.

ఆటో చార్మినార్ దగ్గర దిగి లాడ్ బజార్‌లోకి నడుస్తుంటే అడిగాను. “నీవి ఎప్పటి సంది ఉన్నయమ్మా?”

“మీ నాయిన పోయిన కాడి సంది.”

“ఇంట్ల ఒక్కనాడు చూడలే గద.”

“దుకాణంలనే ఇడిసి వస్త. నా డబ్బా వేరే ఉంటది.”

దినాలు అయిపోగానే ఆమె మళ్ళీ పనికి పోయిందట. ఉట్టి చేతులతో ముందు కూచుని అమ్మలేనని, లోపల రాళ్ళు అంటించే పని ఇమ్మని అమ్మీజాన్‌ను అడిగిందట. అమ్మీజాన్ మాట్లాడకుండా ఆమె చెయ్యి లాక్కుని ఆకుపచ్చ గాజులు ఎక్కించడం మొదలుపెట్టిందట. అమ్మ ఏడ్చి చెయ్యి వెనక్కి గుంజుకుందట.

“మా వదిన ఊకోదు అన్న. నన్ను కులంల ఉండనియ్యరు అన్న. ఆమె జెరసేపు సోంచాయించి, ‘బోల్ దే బేటీ, దుకాన్ కా ఖాయిదా హై’ అన్నది. దుకాణం ఖాయిదా అని చెప్పు అన్నది.”

నేను నడక ఆపాను. “మరి ఆ ఖాయిదా అంతకు ముందు లేకుండెనా?”

“యాడిది? ఎవ్వరు తొడుక్కోకపోతుండ్రి. నేనొక్కదాన్నే ఏసుకుంటె ఖాయిదా ఎట్లయితదని, తెల్లారి అందరితోని తొడిగిచ్చింది. మీ మేనత్త దుకాణంకొచ్చి అడిగింది గద. ఆమెకు చూపియ్యనీకె దారం కట్టింది. చూడమ్మా, ఇవి మా సరుకు, ఈమెవి గావు అన్నది. మీ మేనత్త ముడులన్ని చూసి పోయింది.” అమ్మ నవ్వింది. “నావి నాలుగు వాటి లోపల పెట్టుకొని కూసున్న.”

నేను బజారు వైపు చూశాను. మా దుకాణం చూసి పక్క దుకాణం, దాన్ని చూసి ఎదురు దుకాణం ఆ పద్ధతి పట్టుకున్నాయి. ఆ వరుసలో దుకాణం దుకాణానికీ ఎవరో ఒకరు చేతుల నిండా గాజులతో కూచుని మణికట్టు తిప్పి చూపిస్తున్నారు. వ్యాపారం కోసమే అనుకుంటున్నారు. నేనూ ఇన్నేళ్ళూ అదే అనుకున్నాను. ఒక ముసలమ్మ, ఏడుస్తున్న ఒక మనిషి చేతులు బోసిపోకూడదని ఒక్క పూటలో పుట్టించిన అబద్ధం అది. దాని మీద ఇంత వెలుగు నిలబడి ఉంది. దండం పెట్టాలనిపించింది కానీ ఎటు తిరిగి పెట్టాలో తెలియలేదు. భాయ్ దూరం నుంచే చూసి, ఏమైందన్నట్టు చెయ్యి ఊపాడు.

ఆ సాయంత్రం అమ్మ దుకాణం గాజులు డబ్బాలో పెట్టి, తనవి తీయకుండా ఇంటికి వచ్చింది. వంటింట్లో బియ్యం కడుగుతుంటే గాజుల చప్పుడు ముందు గదిలోకి వినబడింది. నేను స్కూలు రసీదుల కట్ట ముందు పెట్టుకుని ఊరికే వింటూ కూచున్నాను. నాన్న ఉన్నప్పుడు మా ఇంట్లో ఆ చప్పుడు ఉండేదని అప్పుడే గుర్తొచ్చింది, ఏడుపు ఆగలేదు.

కాసేపటికి మేనత్త వచ్చింది, ఆఫీసులో ఏమైందో కనుక్కోవడానికి. ఆమె ఇప్పుడు బాగా వంగిపోయింది. మామయ్య పోయినప్పుడు ఆమె చేతులకూ అదే పద్ధతి జరిగింది, ఆమే అడిగి చేయించుకుంది. పైసలు కట్టక్కర్లేదని నేను చెప్పాను. అమ్మ చాయ్ తెచ్చి ఇచ్చింది. గ్లాసు అందుకోబోయిన మేనత్త చెయ్యి ఆగింది.

“దుకాణంవి ఇంటికి తెచ్చినవేంది?”

“దుకాణంవి గావు వదినా. నావి.”

మేనత్త గాజులను దగ్గరికి వంగి చూసింది. దారం ముడి కోసం వెతికిందనుకుంటాను. దొరకలేదు. ఏదో అంటుందని నేను లేచి నిలబడ్డాను, నా కోపం ముక్కు మీదికి వచ్చేసింది. ఆమె గ్లాసు అందుకుంది. చాయ్ తాగింది. గ్లాసు కింద పెట్టి, “మంచిగున్నయి,” అంది, గోడ వైపు చూస్తూ.

అమ్మ ఆమె ఎదురుగా కింద కూచుంది. దుకాణంలో కూచున్నట్టే కూచుని, మేనత్త చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. బొటనవేలిని అరచేతిలోకి మడిచి, ముడతలు పడ్డ కణుపుల మీద మెల్లగా నొక్కింది. మేనత్త చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

“రెండు-ఎనిమిది,” అంది అమ్మ నా వైపు తిరిగి. “రేపు యాది చెయ్యి బిడ్డా.”